టాప్ గేరులో మాయమయ్యే మోత

జగ్గయ్యపేట నుంచి రాజమహేంద్రవరానికి సిమెంటు తోలే పది టైర్ల లారీ అది. విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు ఒక మధ్యాహ్నం ఖాళీగా వచ్చింది. గేరుబాక్సు పని ఏది వచ్చినా డ్రైవరు చెప్పిన మాటలను ఉన్నవి ఉన్నట్టు నోటు పుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు. ఆ రోజు రాసుకున్నది ఇది: "లోడు మీద నాలుగో గేరులో గుర్రుమంటోంది మేస్త్రిగారూ. ఐదులో కూడా ఉంటుంది, కానీ మొద్దుగా ఉంటుంది. టాప్‌లో పడితే అసలు ఉండదు. ఐదో గేరు ఒక్కోసారి దానంతట అదే జారి న్యూట్రల్‌కు వచ్చేస్తోంది. రెండు నెలల క్రితం వేరే చోట క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు మార్పించాం. తగ్గలేదు."

ఈ కొద్ది వాక్యాల్లో రోగం మొత్తం ఉంది. అయినా దాన్ని పట్టుకోవడానికి నాకు ఒకటిన్నర రోజు పట్టింది. మొదట తప్పు దారిలో ఆలోచించాను కూడా. గేరుబాక్సు పని నేర్చుకునే కుర్రాళ్లకు ఈ కేసు ఉపయోగపడుతుందనే నమ్మకంతో పూర్తిగా రాస్తున్నాను.

ముందుగా బాక్సు సంగతి. ఆరు గేర్ల బాక్సు, టాప్ గేరు డైరెక్టు. అంటే క్లచ్ నుంచి వచ్చే ఇన్‌పుట్ షాఫ్టు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టుకు వెళ్లే మెయిన్ షాఫ్టు ఆరో గేరులో ఒకదానికొకటి తాళం పడి ఒకే షాఫ్టులా తిరుగుతాయి. మిగిలిన ఏ గేరులోనైనా శక్తి ఇన్‌పుట్ షాఫ్టు నుంచి కింద ఉన్న లే షాఫ్టుకు దిగి, అక్కడి నుంచి ఆ గేరు పళ్ల మీదుగా మళ్లీ పైకి మెయిన్ షాఫ్టుకు ఎక్కుతుంది. టాప్‌లో కూడా లే షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది, కానీ దాని మీద బరువు ఉండదు. అందుకే టాప్‌లో శబ్దం పోయిందనగానే ఆటోనగర్‌లో ఏ మేస్త్రిని అడిగినా ఒకే మాట చెబుతారు: లే షాఫ్టు బేరింగు. నేనూ డ్రైవరుతో అదే అన్నాను. పది కేసుల్లో ఏడెనిమిదింటిలో అది నిజం కూడా.

బండి ఆగి ఉండగా చేసే పరీక్షలు మొదలుపెట్టాను. న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్ పెడల్ వదిలి, ఇంజిన్‌ను నెమ్మదిగా తిరగనిచ్చాను. సన్నటి గరగర, చెవి పెడితే తప్ప వినపడనంత. పెడల్‌ను కొద్దిగా, ఖాళీ పోయేంత వరకు మాత్రమే నొక్కాను. పెడల్ నొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు చెడి ఉంటే, అది క్లచ్ లోపలి లివర్లకు (వాటిని వేళ్లంటాం) తాకగానే కీచుమంటుంది. అలాంటిదేమీ లేదు. పెడల్ పూర్తిగా నొక్కి పట్టాను. ఫ్లైవీల్ మధ్యలో ఉండే పైలట్ బేరింగు అప్పుడే పని చేస్తుంది కాబట్టి అది పాడైతే అప్పుడే వినిపించాలి. అదీ లేదు, పైగా ఉన్న గరగర కూడా ఆగిపోయింది. అంటే క్లచ్ వైపు అనుమానం తీరిపోయింది. రెండు నెలల క్రితం ఈ రెండు నిమిషాల పరీక్ష చేసి ఉంటే, కనీసం శబ్దం కోసం క్లచ్ దించాల్సిన పని ఉండేది కాదు.

అప్పుడు ఆయిల్ మట్టం చూశాను. శబ్దం ఉన్న ఏ బాక్సునైనా రోడ్డు మీదికి తీసుకెళ్లే ముందు ఇది చూడాల్సిందే. చదునైన నేల మీద నిలిపి, పక్కన ఉన్న లెవల్ ప్లగ్గు వదులు చేయగానే ఫుస్సుమని గాలి బయటికి వచ్చింది. బండి అప్పుడే వచ్చి ఆగింది, బాక్సు వేడిగా ఉంది. "ప్లగ్గు తీస్తే గాలి వచ్చింది" అని పుస్తకంలో రాసుకున్నాను గానీ దాని గురించి ఆలోచించలేదు. ఎందుకంటే నా మనసంతా వేలు పెడితే తగలని ఆయిల్ మీద ఉంది. రంధ్రం అంచు దాకా ఉండాల్సిన ఆయిల్ ఎక్కడో లోపల ఉంది. తయారీదారు చెప్పిన గ్రేడు ఆయిల్ పోస్తే మూడున్నర లీటర్లు పట్టింది. ఆ బాక్సుకు మొత్తం పట్టేదే తొమ్మిది లీటర్లు.

ఆయిల్ నింపాక ఖాళీ బండితో గన్నవరం వైపు జాతీయ రహదారి మీద కొంత దూరం తిప్పాను. శబ్దం ఉందో లేదో తేల్చుకోలేనంత తక్కువ. ఇక్కడే చాలామంది "ఆయిల్ తక్కువై వచ్చిన శబ్దం, ఇప్పుడు సర్దుకుంది" అని బండి పంపేస్తారు. గేరు పళ్ల మీద, బేరింగుల మీద బరువు పడితేనే వాటి గాయం మాట్లాడుతుంది. జాకీల మీద వెనక చక్రాలు లేపి గేర్లు మార్చి వినడం కూడా ఇలాంటి కేసులో పెద్దగా పనికిరాదు. అందుకే డ్రైవరుతో, "రేపు లోడుతో ఇటే వెళ్తారు కదా, ఆగి నన్ను ఎక్కించుకోండి, కానీ అప్పటి దాకా ఎక్కడా ఐదో గేరు మీద గట్టిగా లాగవద్దు" అన్నాను.

మరుసటి రోజు ఉదయం సిమెంటు బస్తాలతో వచ్చాడు. గేరు లివర్ చుట్టూ ఉండే రబ్బరు బూటు పైకి లాగి, మా కుర్రాణ్ని దాని పక్కన కూర్చోబెట్టాను. అక్కడి నుంచి బాక్సు శబ్దం నేరుగా పైకి వస్తుంది. లివర్ మీద అరచేయి ఆనించి కంపనం చూడమన్నాను, పరీక్ష చేసే కాసేపు మాత్రమే. డ్రైవర్లు రోజంతా లివర్ మీద చేయి వేసుకుని నడుపుతుంటారు. ఆ బరువు లోపల గేర్లు మార్చే ఫోర్కుల మీద పడి అవి అరుగుతాయి. కనిపించినప్పుడల్లా చెబుతూనే ఉంటాను.

ఇంజిన్ వేగాన్ని ఒకే దగ్గర, నిమిషానికి 1400 చుట్ల వద్ద పట్టి ఉంచి, ఒక్కో గేరులో విన్నాం. ఇది చాలా ముఖ్యం. గేరు మారినా ఇంజిన్ వేగం మారకపోతే, లే షాఫ్టు వేగం కూడా మారదు. అది ఎప్పుడూ ఇన్‌పుట్ షాఫ్టుతో జతపడే తిరుగుతుంది. కాబట్టి లే షాఫ్టు బేరింగే పాడైతే రెండో గేరులోనైనా ఐదో గేరులోనైనా శబ్దం స్థాయి, అంటే గొంతు సన్నదనం, ఒకటే ఉండాలి, బలం మాత్రం హెచ్చు తగ్గులు కావచ్చు. మాకు వినిపించింది అలా లేదు. రెండో గేరులో సన్నగా, పైస్థాయిలో రొద. నాలుగులో అది కిందికి దిగి, బాగా బలంగా గుర్రుమంది. ఐదులో మరీ కిందికి దిగి, రోట్లో ఏదో మెదుపుతున్నట్టు మొద్దు మోత. టాప్‌లో శుభ్రంగా నిశ్శబ్దం. గేరు పెరిగే కొద్దీ శబ్దం స్థాయి దిగుతోంది. కుర్రాడికి అది ముందు తట్టింది. "ఒక్కో గేరుకీ గొంతు మారుతోంది మేస్త్రిగారూ" అన్నాడు.

ఇంజిన్ వేగం మారకుండా, గేరు పెరిగే కొద్దీ తగ్గి, టాప్‌లో సున్నా అయ్యే వేగం ఈ బాక్సులో ఒకటే ఉంది. అది ఇన్‌పుట్ షాఫ్టుకూ మెయిన్ షాఫ్టుకూ మధ్య ఉన్న తేడా. ఇన్‌పుట్ షాఫ్టు వెనక చివర బోలుగా ఉంటుంది. మెయిన్ షాఫ్టు ముందు ముక్కు ఆ బోలులోకి దూరి, ఒక చిన్న రోలర్ బేరింగు మీద ఆనుకుంటుంది. మా దగ్గర దాన్ని పాకెట్ బేరింగు అంటాం. బయట ఉన్నది ఇన్‌పుట్ వేగంతో, లోపల ఉన్నది మెయిన్ షాఫ్టు వేగంతో తిరుగుతాయి కాబట్టి రోలర్లు పొర్లేది ఆ రెండింటి తేడాతోనే. ఈ బాక్సు రెండో గేరు నిష్పత్తి సుమారు 5 (ఇంజిన్ ఐదు చుట్లకు మెయిన్ షాఫ్టు ఒక చుట్టు), నాలుగోది 2, ఐదోది 1.4 అనుకుని లెక్క వేస్తే, ఇంజిన్ 1400 వద్ద మెయిన్ షాఫ్టు రెండో గేరులో 280, నాలుగులో 700, ఐదులో 1000 చుట్లు తిరుగుతుంది. తేడాలు వరసగా 1120, 700, 400. టాప్‌లో తేడా లేదు, బేరింగు కదలదు. మేం విన్న గొంతు అచ్చం ఈ అంకెల్లాగే దిగింది.

బలం సంగతి కూడా సరిపోయింది. నాలుగు, ఐదు గేర్లు బాక్సులో ముందు వైపు, ఆ ముక్కుకు దగ్గరగా ఉంటాయి. వాటి పళ్లు ఒకదాన్నొకటి తోసే తోపు ఎక్కువగా పాకెట్ బేరింగు మీదే పడుతుంది. ఒకటి, రెండు గేర్లు వెనక ఉంటాయి కాబట్టి వాటి తోపులో చాలా భాగాన్ని వెనక బేరింగు మోస్తుంది. ఐదో గేరు జారిపోవడానికి కూడా కారణం అక్కడే ఉందని అనిపించింది. ముక్కు వదులై మెయిన్ షాఫ్టు వరస తప్పితే, గేరును షాఫ్టుకు తాళం వేసే స్లీవు పళ్లు గేరు పళ్లను తిన్నగా పట్టుకోలేవు.

అయినా ఇంకొక పరీక్ష చేస్తే గాని నాకు తృప్తి లేదు. బాక్సు విప్పడం అంటే బండి నాలుగు రోజులు ఆగడం. చదునుగా, ఖాళీగా ఉన్న రోడ్డు మీద, ముందూ వెనకా ఎవరూ లేరని చూసుకుని, 30 కిలోమీటర్ల వేగంలో కొన్ని క్షణాలు మాత్రం న్యూట్రల్ చేయించాను. లోడు బండిని వాలులో న్యూట్రల్ చేయడం ప్రాణాంతకం, ఈ పరీక్ష అక్కడ ఎవరూ చేయకూడదు. ఆ వేగంలో ఈ బండి మెయిన్ షాఫ్టు సుమారు 950 చుట్లు తిరుగుతుంది. ఇంజిన్ 600 వద్ద ఉన్నప్పుడు సన్నటి గరగర వినిపించింది. యాక్సిలరేటర్ నెమ్మదిగా నొక్కించాను. 700, 800, ముల్లు 900 దాటుతుండగా గరగర మందగించి, ఆ కాస్త పైన పూర్తిగా ఆగిపోయింది. ఇంకా పెంచితే 1200 దగ్గర మళ్లీ మొదలైంది. ఇంజిన్ వేగం పెరుగుతుంటే మధ్యలో ఒక చోట ఆగిపోయి మళ్లీ వచ్చే శబ్దం లే షాఫ్టుది కానే కాదు, దానిదైతే పెరుగుతూ పోవాలి. ప్రొపెల్లర్ షాఫ్టుదో, దాన్ని మధ్యలో మోసే సెంటర్ బేరింగుదో, వెనక యాక్సిల్‌లోని క్రౌన్ పినియన్‌దో అయితే ఇంజిన్ వేగంతో నిమిత్తం ఉండదు, టాప్‌లో కూడా వినిపిస్తుంది. రెండు షాఫ్టులు ఒకే వేగంతో తిరిగిన ఆ క్షణంలో రోలర్లు పొర్లడం మానేశాయి. అంతే.

యజమానికి ఫోను చేసి, నేను మొదట చెప్పింది తప్పు అని, పాకెట్ బేరింగు అని చెప్పాను. వేరే బండిలోకి లోడు మార్పించి, లారీని ఆ సాయంత్రమే షెడ్డులో పెట్టించాడు.

బాక్సు దించగానే మొదట చూసింది క్లచ్ హౌసింగు లోపలి భాగం. అడుగున జిడ్డు పేరుకుని ఉంది, రెండు నెలల నాటి కొత్త ప్లేటు అంచులు అప్పుడే తడిసి ఉన్నాయి. వేలితో తీసి వాసన చూశాను. ఇంజిన్ ఆయిల్ అయితే మసితో నల్లగా ఉంటుంది. ఇది తేనె రంగు, గంధకం కలిసిన ఘాటు వాసన. గేరు ఆయిలే. అంటే మొదటి ప్లేటు జారడానికి కూడా ఇదే కారణమై ఉండాలి. ఆ ప్లేటు మార్చినవారు తడిసిన ప్లేటును చూశారు, అది ఎక్కడి ఆయిల్ అని చూడలేదు.

డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతం మీద బూడిద రంగు ముద్ద, మామూలు కంటే రెండింతలు. ఆ ముద్దను బొటనవేలితో రుద్దితే మెత్తగా ఉండాలి, అది అరుగుదల. ఇక్కడ వేలికి గరుకుగా పొలుసులు తగిలాయి. గుడ్డ మీద పరిచి ఎండలో చూస్తే అభ్రకంలా మెరిశాయి. ఉక్కు పొలుసులంటే బేరింగు ముఖం రేగుతోందని అర్థం. పసుపు రంగు పొడి కూడా కొద్దిగా ఉంది, అది గేరు పడే ముందు వేగాలు కలిపే సింక్రో రింగుది.

ఇన్‌పుట్ షాఫ్టు బయటికి లాగినప్పుడు మెయిన్ షాఫ్టు ముక్కు కనిపించింది. ఒక పక్క నున్నగా అద్దంలా ఉంది. ఇంకో పక్క, దాదాపు మూడో వంతు చుట్టు, మశూచి మచ్చల్లా గుంటలు. గోరు పెట్టి లాగితే టకటకమని తగులుతోంది. గుంటల చుట్టూ నీలం, ఊదా రంగుల చాయ. ఉక్కు ఆ రంగు తిరిగిందంటే ఆయిల్ లేకుండా కాలిందనే. మైక్రోమీటరు పెడితే అరగని అంచు కంటే ఆ భాగం 0.08 మిల్లీమీటరు తక్కువ వచ్చింది. ఇన్‌పుట్ షాఫ్టు బోలు లోపల కూడా అదే గాయం. రోలర్లలో నాలుగైదింటికి చెక్కు లేచిపోయింది.

ఆ బోలులోకి ఆయిల్ వెళ్లడానికి ఇన్‌పుట్ గేరు పళ్ల మధ్య సన్నటి రంధ్రాలు ఉంటాయి. కింద లే షాఫ్టు ఆయిల్‌లో మునిగి తిరుగుతూ పైకి చిమ్మితే, ఆ చిమ్మినదే రంధ్రాల గుండా లోపలికి చేరాలి. ఆయిల్ మూడో వంతుకు పైగా తగ్గినా లే షాఫ్టు బేరింగులు ఎలాగో తడుస్తాయి, కరువు మొదట తగిలేది పైన ఉన్న ఈ పాకెట్‌కే. సన్నటి తీగ పెట్టి చూస్తే రెండు రంధ్రాలు మాడిన ఆయిల్ గడ్డకట్టి మూసుకుపోయి ఉన్నాయి. లే షాఫ్టు బేరింగులు కడిగి, చేత్తో తిప్పి చూస్తే మచ్చ లేదు. నేను మొదట చెప్పిన మాట విని అవే మార్చి బిగించి ఉంటే, బండి అదే మోతతో బయటికి వెళ్లేది. కడిగిన బేరింగును గాలి పైపుతో గిర్రున తిప్పి వినే అలవాటు కొందరికి ఉంది. నూనె లేని బేరింగును అలా తిప్పితే బాగున్నది కూడా పాడవుతుంది, ఒక్కోసారి విరిగి ముఖాన తగులుతుంది.

యజమాని వచ్చి చూసి, "రోలర్ బేరింగు ఒకటి మార్చేయండి మేస్త్రిగారూ, షాఫ్టులు ఇలాగే నడుస్తాయి" అన్నాడు. ఆయన బాధ న్యాయమైనదే, మెయిన్ షాఫ్టు చిన్న ఖర్చు కాదు. కానీ ఈ బాక్సులో ఆ బేరింగుకు వేరే పట్టాలు లేవు. రోలర్లు పొర్లేది షాఫ్టు ముక్కు మీదా, గేరు బోలు మీదా నేరుగా. గుంటలు పడిన పట్టా మీద కొత్త రోలర్లు వేస్తే అవి నెల తిరగకుండా పాతవాటిలా అవుతాయి. ఆయన చేయి పట్టుకుని, ఆ ముక్కు మీద ఆయన గోరునే లాగించాను. ఇంకేమీ వాదించలేదు.

ఇన్‌పుట్ షాఫ్టు మాత్రం పాత సామాన్ల కొట్టులో చూద్దామన్నాడు. ఆటోనగర్‌లో దొరకనిది లేదు. అయినా వద్దన్నాను. ఆ గేరు ఎప్పుడూ లే షాఫ్టు ముందు గేరుతో జతపడి తిరుగుతుంది. ఒక బండిలో ఒక రకంగా అరిగిన పళ్లు, ఇంకో బండిలో ఇంకో రకంగా అరిగిన పళ్లతో కలిస్తే ఏడుస్తాయి. నిజానికి కొత్త గేరు వేసినా దాని జతను కూడా మార్చడమే ఉత్తమం. లే షాఫ్టు గేరు పళ్ల మీద రాపిడి గుర్తు మధ్యలో, సమంగా ఉండటంతో, ఖర్చు చూసి దాన్ని ఉంచాం. సన్నటి ఏడుపు కొన్నాళ్లు ఉండవచ్చని ముందే చెప్పాను.

ఇక ఆయిల్ ఎందుకు పోయింది? ముందు కవరులో ఆయిల్‌ను బయటికి రాకుండా ఆపే సీలు పెదవి గట్టిపడి ఉంది, కానీ చిరగలేదు. మూడున్నర లీటర్లు పోయేంత చెడిపోలేదు. కవరులో ఆయిల్ వెనక్కి దిగే రంధ్రానికి పేకింగ్ అడ్డం పడిందేమో చూశాను, అదీ తెరిచే ఉంది. సీలు మార్చి ఊరుకోవచ్చు. అప్పుడు పుస్తకంలో రెండు రోజుల క్రితం రాసుకున్న వాక్యం కనిపించింది: ప్లగ్గు తీస్తే గాలి వచ్చింది.

గేరుబాక్సు పైన బ్రీదర్ అని చిన్న మూత ఉంటుంది. బాక్సు వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచిస్తుంది, అది ఈ మూత గుండా బయటికి పోతుంది, చల్లారినప్పుడు తిరిగి లోపలికి వస్తుంది. ఈ బండి బ్రీదర్‌ను గుడ్డతో తుడిస్తే మెరిసే నల్ల రంగు. మూతకూ కాండానికీ మధ్య సందు కనిపించలేదు, రంగు దాన్ని అతికించేసింది. వేళ్లతో తిప్పితే కదల్లేదు. బ్లేడుతో ఒక పక్క గీకితే రంగు చర్మంలా లేచింది.

డ్రైవరును అడిగితే, అంతకు ముందు ఎండాకాలంలో ఫిట్‌నెస్‌కు వెళ్లేటప్పుడు ఛాసిస్‌కు రంగు కొట్టించామన్నాడు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, చాలామంది ఆ ముందు రోజుల్లో కింద కడిగించి గన్నుతో రంగు కొట్టిస్తారు. ఆ గన్ను ఛాసిస్‌నూ చూడదు, బ్రీదర్‌నూ చూడదు. ఆ తర్వాత ప్రతి ట్రిప్పులో బాక్సు వేడెక్కడం, దారిలేని గాలి సీలు పెదవిని తోసుకుని ఆయిల్‌ను చుక్క చుక్కగా క్లచ్ హౌసింగులోకి నెట్టడం. ఆ హౌసింగు మూసి ఉంటుంది కాబట్టి నేల మీద పెద్దగా మరక కూడా పడలేదు. ప్లేటు జారింది. ప్లేటు మార్చారు. బాక్సు దించి ఎక్కించినా లెవల్ ప్లగ్గు విప్పి చూడలేదు.

మెయిన్ షాఫ్టు, ఇన్‌పుట్ షాఫ్టు, పాకెట్ బేరింగు, ఐదో గేరు సింక్రో రింగు, ముందూ వెనకా సీళ్లు, కొత్త బ్రీదర్, మళ్లీ ఒక క్లచ్ ప్లేటు. పొలుసులు అంతటా తిరిగాయి కాబట్టి ఇన్‌పుట్, మెయిన్ షాఫ్టు బేరింగులు కూడా మార్చాను. కేసింగు మూలల్లోని బురదను డీజిలుతో మూడుసార్లు కడిగాం. ముందు కవరుకు చేత్తో కోసిన మందపాటి పేకింగ్ వాడలేదు, దాని మందం బేరింగు బిగువును మార్చేస్తుంది. షిమ్ములు (సందు సరిచేసే పలచటి రేకులు) కొలిచి, షాఫ్టు ఆట తయారీదారు చెప్పిన హద్దులోకి తెచ్చాకే బిగించాను. బ్రీదర్‌ను పెట్టేటప్పుడు కుర్రాడి చేత నోటితో ఊదించాను, గాలి ఆడిందని అతనే చెప్పాలని.

లోడుతో తిప్పినప్పుడు నాలుగులో, ఐదులో మోత లేదు, గేరు జారలేదు. 1300 చుట్ల దగ్గర నేను ముందే చెప్పిన సన్నటి ఏడుపు ఉంది, నెల రోజుల తర్వాత డ్రైవరు దాన్ని పట్టించుకుంటే గాని వినపడదన్నాడు. 2000 కిలోమీటర్లకు ఆయిల్ దింపించాను. తొమ్మిది లీటర్లూ దిగాయి. అయస్కాంతం మీద పలచటి బూడిద పొర, బొటనవేలికి వెన్నలా మెత్తగా ఉంది.

ఆ రోజు యజమాని మిగతా రెండు లారీలను కూడా వెంట తెచ్చాడు, బ్రీదర్లు చూడమని. వాటిలో ఒకదాని మూత కూడా రంగుతో అతుక్కునే ఉంది.